ఫ్లానెల్‌బుష్ నాటాలంటే: ఎండాకాలం నీళ్లు, మొదలు కుళ్లు, పైన్ హిల్ దగ్గర జాగ్రత్తలు

వాలు_ఇల్లు · పోస్టు 1

కాలిఫోర్నియాలో సాక్రమెంటో, ఫాల్సమ్ వైపు తోటలు పెంచేవాళ్లకి ప్రశ్న. పెరట్లో పడమటి వాలు, 12 మీటర్ల పొడవు. ఎర్రమట్టి. అడుగు దాటితే గడ్డపార ఖంగున మోగుతుంది. వాలు పైఅంచున లాన్, దానికి వారానికి మూడుసార్లు స్ప్రింక్లర్. నర్సరీలో 15 గాలన్ల కుండీలో ఫ్లానెల్‌బుష్ (కాలిఫోర్నియా కొండల్లో పెరిగే పసుపు పూల పొద) ఉంది, పూత ఇంకా అయిపోలేదు, చెట్టంతా పసుపే.

అడగాల్సినవి మూడు. ఇప్పుడు జూన్‌లో నాటొచ్చా? అంతరించిపోతోందని పైన్ హిల్ (అరుదైన మొక్కల రక్షిత ప్రాంతం) దగ్గర బోర్డు పెట్టిన మొక్క ఇదేనా, వేరేదా? అక్కడ రాలిన గింజలు నాలుగు తెచ్చి మొలకెత్తించడం తప్పా?

గోగునార · పోస్టు 2

మొదటిదానికి నాటొద్దు, మూడోదానికి తేవొద్దు. రెండోది రాళ్లవాగు గారు చెబితేనే బాగుంటుంది.

జూన్ ఎందుకు వద్దంటే, ఈ పొద పుట్టిన చోట వాన చలికాలంలోనే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడి ఆగిపోతుంది. నేల తడిగా ఉన్నప్పుడు చల్లగా ఉంటుంది, వేడెక్కాక పొడిగా ఉంటుంది. వేడీ తడీ కలిసి ఉన్న మట్టిని దీని వేరు ఎరగదు. జూన్‌లో నాటితే బతికించడానికి నీళ్లు పోయక తప్పదు, పోస్తే ఆ రెండూ కలుస్తాయి. అప్పుడు ఫైటాఫ్తొరా లేస్తుంది. మన దగ్గర కొబ్బరికి మొవ్వుకుళ్లు, బత్తాయికి బంక తెగులు తెచ్చే వంశమే. అది అసలు బూజే కాదు, బూజులా కనిపించే నీటి జీవి. దాని బీజాలు మట్టి రేణువుల మధ్య ఉన్న నీటి పొరలో ఈదుకుంటూ వేరు దాకా పోతాయి. పొడిమట్టిలో ఈదలేవు, చలిమట్టిలో మందంగా ఉంటాయి.

బత్తాయికి డబుల్ రింగ్ పాదు చేసి, మొదలికి నీరు తగలకుండా ఎందుకు కాపాడతారో తెలిసినవాళ్లకి ఫ్లానెల్‌బుష్ గురించి సగం తెలిసినట్టే.

15 గాలన్ల కుండీ కూడా వద్దు. అంత కుండీలో అంత కాలం ఉన్న మొక్కకి వేళ్లు గోడ వెంట చుట్టలు చుట్టుకుంటాయి. మిగతా మొక్కలకైతే చుట్టలు విడదీసి, కోసి నాటుతాం. దీని వేరు పెళుసు, ముట్టుకుంటే విరుగుతుంది, విరిగినచోటే తెగులు దూరుతుంది. విడదీయకుండా నాటితే ఆ చుట్టలు అలాగే ఉండిపోయి, నాలుగో ఏడాది గాలికి చెట్టు చెట్టంతా పడిపోతుంది. 1 గాలన్ మొక్క కొనండి. 4 అంగుళాల కుండీలో దొరికితే ఇంకా మంచిది. మూడేళ్లలో పెద్దదాన్ని దాటేస్తుంది.

రాళ్లవాగు · పోస్టు 3

ఫ్లానెల్‌బుష్ శాస్త్రీయ నామం ఫ్రిమాంటోడెండ్రాన్. ఈ ప్రజాతిలో సాధారణంగా మూడు జాతులు లెక్కిస్తారు. అమెరికా అన్వేషకుడు జాన్ సి. ఫ్రీమాంట్ పేరు మీద వచ్చిన పేరు. పాత పుస్తకాల్లో స్టెర్క్యులియా కుటుంబంలో, అంటే మన తపసి బంక చెట్టు పక్కన ఉంటుంది. ఇప్పుడు ఆ కుటుంబాన్నంతా మాల్వేసీలో కలిపేశారు కాబట్టి బెండ, పత్తి, మందార, గోగు, తుత్తురుబెండ అన్నీ దీనికి చుట్టాలే. తుత్తురుబెండ ఆకు మీద చెయ్యి వేస్తే తగిలే మెత్తని నూగు, ఆ పసుపు పూవు, ఆ రెంటినీ పది రెట్లు చేసి గరుకుగా ఊహించుకోండి.

కాలిఫోర్నికమ్: విరివిగా ఉండేది ఇదే. సియెర్రా పాదాల గుట్టల్లో, దక్షిణ కాలిఫోర్నియా కొండల్లో పెరుగుతుంది. పూవు 3.5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమ్మపండు పసుపు. పూలన్నీ ఒకేసారి విరబూసి ఒకేసారి అయిపోతాయి.

మెక్సికానమ్: అరుదైన పసుపు పొద అంటే అసలు ఇది. శాన్ డియేగో కౌంటీలో ఓటాయ్ కొండ, సరిహద్దు దాటాక బాహా కాలిఫోర్నియా, అంతే. 1998లో ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వం అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. పూవు 6 నుంచి 9 సెంటీమీటర్లు, పసుపులో నారింజ జీర ఉంటుంది. ఒక్కసారిగా విరగబూయదు, ఆకుల మధ్య నుంచి నెలల తరబడి కొన్ని కొన్నిగా పూస్తుంది.

డికంబెన్స్: పైన్ హిల్ బోర్డు మీద ఉన్నది ఇది. నిలువుగా లేవదు, నేలమీద పరుచుకుంటుంది, ఎత్తు 1.3 మీటర్ల లోపే. పూవు నారింజ నుంచి రాగి, ఇటుక రంగుల దాకా. 1965లో రాబర్ట్ లాయిడ్ దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించాడు. 1996 అక్టోబరులో ఫెడరల్ జాబితాలోకి వచ్చింది.

నర్సరీలో మీరు చూసింది ఈ మూడింట్లో ఏదీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. నర్సరీల్లో అమ్మేవి చాలామటుకు సంకరాలు. 'కాలిఫోర్నియా గ్లోరీ', 'శాన్ గేబ్రియల్', 'పసిఫిక్ సన్‌సెట్' మూడూ కాలిఫోర్నికమ్, మెక్సికానమ్ కలిసి పుట్టినవి. 'కాలిఫోర్నియా గ్లోరీ'ని ఎవరూ పనిగట్టుకుని సృష్టించలేదు, రాంచో శాంటా ఆనా బొటానిక్ గార్డెన్‌లో దానంతటదే మొలిచింది. 'కెన్ టేలర్' డికంబెన్స్ రక్తం ఉన్న పొట్టి రకం.

వాలు_ఇల్లు · పోస్టు 4

లేబుల్ లేని మొక్క కనిపిస్తే ఏది కాలిఫోర్నికమో ఏది మెక్సికానమో ఎలా తేల్చుకోవాలి? పూవు సైజు ఒక్కటీ చూస్తే చాలా?

రాళ్లవాగు · పోస్టు 5

సైజు మోసం చేస్తుంది. పూవు లోపల చూడండి. మొదట ఒకటి: ఈ పూవుకి ఆకర్షక పత్రాలు, అంటే పూరేకులు, లేవు. పసుపు రేకుల్లా కనిపించే అయిదూ రక్షక పత్రాలే. అందుకే రెండు రోజుల్లో రాలిపోకుండా చాలారోజులు నిలుస్తాయి, రాలకుండానే వాడి రంగు ముదురుతాయి.

ఆ అయిదింటికీ మొదట్లో తలా ఒక గుంట, అందులో తేనె ఊరుతుంది. భూతద్దం పెట్టి ఆ గుంట చూడాలి. గుంటలో పొడవాటి నూగు ఉంటే కాలిఫోర్నికమ్, నున్నగా ఉంటే మెక్సికానమ్. తర్వాత ఆకు తిప్పి చూడండి. తొడిమ దగ్గర నుంచి 1 నుంచి 3 ఈనెలు బయల్దేరితే కాలిఫోర్నికమ్, 5 నుంచి 7 ఉంటే మెక్సికానమ్. రెండు గుర్తులూ చెరో వైపు లాగుతుంటే మీ చేతిలో ఉన్నది సంకరం. ఆకు తిప్పేటప్పుడు చేతికి గ్లవ్ ఉండాలి, ఎందుకో కత్తెర గారు చెప్పకుండా ఊరుకోరు.

ఎర్రమట్టి · పోస్టు 6

నాటే పద్ధతి చెబుతా. ఫాల్సమ్ ఎర్రమట్టికి సరిపోయేలా.

ముందు నీరు ఎలా ఇంకుతోందో చూడాలి. 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి అంచు దాకా నీళ్లు పోసి వదిలేయండి. అది ఇంకాక మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకి ఎంత దిగిందో చూడండి. 5 సెంటీమీటర్లు దిగితే నేరుగా నేలలో నాటొచ్చు. 2.5 దగ్గర ఉంటే దిబ్బ వెయ్యాలి. తెల్లారినా నీళ్లు అలాగే ఉంటే ఆ చోటు వదిలెయ్యండి, అక్కడ ఏ దిబ్బా ఏమీ చెయ్యలేదు.

దిబ్బ అంటే 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు. దానికి కూడా అదే మట్టి, కావాలంటే మూడో వంతు కంకర. సంచుల్లో వచ్చే పాటింగ్ మిక్స్ పోయొద్దు. కింద బంకమట్టి, పైన గుల్ల మట్టి పెడితే నీరు ఆ రెంటి మధ్య గీత దగ్గర ఆగిపోతుంది. మీరు గొయ్యి తవ్వలేదు, గిన్నె చేశారు.

కంపోస్టు, పశువుల ఎరువు, వేపపిండి ఏదీ వద్దు. మన చెయ్యి ఊరుకోదు, గుప్పెడైనా వెయ్యాలనిపిస్తుంది. ఎరువు పడితే కొమ్మలు మెత్తగా బారెడు సాగుతాయి, ఆ బరువు లోతులేని వేళ్లు మొయ్యలేవు.

కాలం: మొదటి గట్టి వాన పడ్డాక. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మధ్య దాకా.

నాటే రోజు గొయ్యి కుండీ అంత లోతు, రెండింతలు వెడల్పు తవ్వండి. నీళ్లతో నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మొక్కని కాండం పట్టుకుని లాగొద్దు. కుండీని రెండు పక్కలా కత్తితో నిలువునా చీల్చి, అడుగు కింద అరచెయ్యి పెట్టి వేళ్లతో ఉన్న మట్టి ఉండ చెదరకుండా దించండి. వేర్లు దులపొద్దు, విడదీయొద్దు. కాండం మట్టిని తాకే చోటు చుట్టూ నేల కన్నా 3 నుంచి 5 సెంటీమీటర్లు పైకి ఉండాలి, నేల సర్దుకున్నాక కూడా పైనే మిగలాలి. మట్టి పూడ్చాక కాలితో తొక్కకుండా 15 లీటర్లు నెమ్మదిగా పోస్తే అదే అణుగుతుంది.

పైన చిన్న రాళ్లు పరచండి, 5 సెంటీమీటర్ల మందం. కాండం చుట్టూ జానెడు మేర ఖాళీ. చెక్కపొట్టు తడిని మొదలి దగ్గర పట్టి ఉంచుతుంది, దీనికి పనికిరాదు.

కత్తెర · పోస్టు 7

ఎర్రమట్టి గారు కర్ర గురించి చెప్పలేదు. గాలి ఉండే వాలు మీద కర్ర అవసరం. కాకపోతే కాండానికి ఆనించి గట్టిగా బిగించే కర్ర కాదు. రెండు కర్రలు, రెండు పక్కలా, కాండం ఎత్తులో మూడో వంతు దగ్గర వెడల్పాటి పట్టీతో వదులుగా. కాండం నాలుగు వేళ్ల మేర ఊగాలి. ఊగితేనే మొదలు లావెక్కుతుంది. రెండో చలికాలం దాటాక తీసేయాలి, మరిచిపోయిన పట్టీ బెరడుని కోసేస్తుంది.

ఇక నూగు. కొమ్మ మీద, ఆకు అడుగున, కాయ మీద ఉన్నదంతా నక్షత్రం ఆకారంలో ఉండే సన్నటి వెంట్రుకలు. దూలగొండిలా చెట్టు దగ్గరికి వెళ్తేనే అంటుకోదు గానీ కత్తెర పడిందంటే పొడిలా లేస్తుంది. మెడ, ముంజేయి దురద. కళ్లలో పడితే ఆ రోజు పని అయిపోయినట్టే. కళ్లద్దాలు కాదు, పక్కలు మూసిన గాగుల్స్. ఎన్95 మాస్కు. మణికట్టు మీదికి వచ్చే గ్లవ్స్, పూర్తి చేతుల చొక్కా, కాలరు పైకి. గాలి మీ వీపు నుంచి చెట్టు వైపు పోయేలా నిలబడాలి.

ఒంటికి అంటుకుంటే తువ్వాలుతో రుద్దకండి, లోపలికి దిగుతాయి. ప్యాకింగ్ టేపు అంటించి లాగెయ్యండి, తర్వాత సబ్బు, చల్లని నీళ్లు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి మెషిన్‌లో వెయ్యకండి.

కత్తిరింపు ఏడాదికి ఒక్కసారి, పూత అవగానే. కొత్త కొసలు మూడో వంతు వరకు తియ్యొచ్చు. ఆకు లేని ముదురు కొమ్మలోకి కోస్తే అక్కణ్నించి చిగురు రావడం అనుమానమే. మొదటి రెండేళ్లు కొసలు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది, పడిపోదు.

నడకదారి పక్కన, పిల్లల ఉయ్యాల పక్కన, కిటికీ కింద ఈ మొక్క పెట్టొద్దు. 'కాలిఫోర్నియా గ్లోరీ' 5, 6 మీటర్లకి పోతుంది. కనీసం 3 మీటర్ల ఖాళీ చూసుకోండి, లేకపోతే ప్రతి ఏడూ పైన చెప్పిన వేషం వెయ్యాలి.

వాలు_ఇల్లు · పోస్టు 8

నవంబరులో నాటితే మొదటి ఎండాకాలం అసలు నీళ్లే పొయ్యకూడదా? జులైలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది.

ఎర్రమట్టి · పోస్టు 9

చలికాలంలో మూడు వారాలు వాన లేకపోతే 8, 10 లీటర్లు ఒకసారి. మొదటి ఎండాకాలం మూడు నాలుగు వారాలకొకసారి, 15 లీటర్లు, తెల్లవారుజామున. రెండో ఎండాకాలం నుంచి చుక్క కూడా వద్దు.

గోగునార · పోస్టు 10

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. లెక్క బాగానే ఉంది గానీ క్యాలెండరు చూసి పోస్తే దెబ్బ తింటారు. "మూడు వారాలైంది కదా" అని 42 డిగ్రీల వడగాలి మధ్యలో పోసినవాళ్ల మొక్కలే ఎక్కువ పోతాయి. వాతావరణం చూసి పొయ్యండి. డెల్టా గాలి (సముద్రం వైపు నుంచి వచ్చే చల్లగాలి) తిరిగి, నాలుగు రోజులు 32 దాటదని ఉంటే అప్పుడు పొయ్యండి. అలాంటి వారం రాకపోతే ఆగండి.

ఎక్కడ పోస్తారన్నది ఇంకా ముఖ్యం. కాండం దగ్గర కాదు. కుండీ ఉండ అంచు దాటి, కాండానికి 40 సెంటీమీటర్ల దూరంలో చుట్టూ గాడి చేసి అందులో పొయ్యాలి. డ్రిప్పర్ కాండానికి ఆనించి పెట్టడం దీన్ని చంపడానికి అన్నిటికన్నా దగ్గరి దారి. తోటపని కాంట్రాక్టర్లు అన్ని మొక్కలకీ ఒకే లైను లాగి, ఒకే టైమర్ పెట్టి పోతారు. లావెండర్ తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు.

నడి ఎండలో ఆకులు కొంచెం ముడుచుకుని, సాయంత్రానికి సర్దుకుంటే అది దాహం కాదు, దాని పద్ధతి. తెల్లవారుజామున కూడా వేలాడుతుంటేనే లెక్క.

ఎర్రమట్టి · పోస్టు 11

వాతావరణం చూసి పొయ్యమన్న మాట ఒప్పుకున్నా. అయితే 4 అంగుళాల కుండీ మొక్కకి మొదటి ఎండాకాలం ఏమీ పొయ్యకుండా వదిలేస్తే బంకమట్టి నెర్రెలిచ్చి వేరు తెగుతుంది. ఆ రాళ్ల పరుపు అందుకే కావాలి.

ఇప్పుడు వాలు_ఇల్లు గారి అసలు సమస్య, లాన్. వాలు పైఅంచున వారానికి మూడుసార్లు స్ప్రింక్లర్ అంటే ఆ నీరు మట్టి లోపల కిందికే జారుతుంది. అడుగు కింద గట్టిపొర ఉందన్నారు, దాని మీదుగా జారి మధ్య వాలులో తేలుతుంది. పైకి పొడిగా కనిపించే చోట మోకాలు లోతు తవ్వితే తడి తగులుతుంది. ఆగస్టులో తవ్వి, పిడికిట్లో మట్టి పిసికి చూడండి. ముద్దయితే అక్కడ నాటొద్దు. లాన్ నుంచి 3 మీటర్లు అనేది చదును నేలకి చెప్పే లెక్క, వాలుకి పనిచెయ్యదు.

మొలక · పోస్టు 12

గింజల సంగతి. పైన్ హిల్ నుంచి కాదు. మీ దగ్గరో తెలిసినవాళ్ల దగ్గరో ఉన్న కాలిఫోర్నికమ్ నుంచి తీసినవి, లేదా అడవి మొక్కల గింజలు అనుమతితో సేకరించి అమ్మేవాళ్ల దగ్గర కొన్నవి. సంకర రకాల గింజ వెయ్యకండి, తల్లిలా రాదు. 'కెన్ టేలర్' కావాలంటే కొమ్మే నాటాలి.

కాయ ఆగస్టులో గోధుమ రంగు తిరిగి కొస దగ్గర పగుళ్లివ్వడం మొదలవుతుంది. అప్పుడు గ్లవ్స్‌తో కోసి కాగితం సంచిలో వారం ఉంచితే దానంతటదే విచ్చుకుంటుంది. సంచి విదిలించకండి, నూగు లేస్తుంది.

గింజ తొక్క రాయిలాంటిది. అడవిలో దాన్ని పగలగొట్టేది కార్చిచ్చు వేడి. ఇంట్లో: నీళ్లు తెర్లించి, పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, గింజలకి పది రెట్లు నీళ్లు గిన్నెలో వాటి మీద పోసి మర్నాటి దాకా వదిలెయ్యాలి. పొయ్యి మీద ఉడికించకూడదు. మర్నాటికి ఉబ్బినవి సిద్ధం. ఉబ్బనివి ఏరి ఇంకోసారి వేడినీళ్లు పొయ్యండి.

ఉబ్బినవాటికి చలి కావాలి. తడిపి గట్టిగా పిండిన ఇసుకలో కలిపి, జిప్ సంచిలో, ఫ్రిజ్ కింద అరలో 4, 5 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 నెలలు. పదిహేను రోజులకోసారి తెరిచి చూడండి. ఇసుక పిండితే నీటిచుక్క రాకూడదు. తెల్లని వేరు కనబడ్డది కనబడ్డట్టు తీసి నాటాలి, ఆగితే విరుగుతుంది.

కుండీ లోతు 15 సెంటీమీటర్ల పైన, వెడల్పు అవసరం లేదు. మిశ్రమంలో సగానికి పైగా పెర్లైటో ప్యూమిసో (నీరు ఆగనివ్వని తేలికైన గుల్లరాయి పలుకులు). ఒక కుండీకి ఒక్క గింజే, మార్చి నాటడం దీనికి గిట్టదు. మొలక మొదలు దగ్గర నల్లబడి పడిపోతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి, గాలి తక్కువైంది. పైన వేలి మందం ఇసుక పోస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

కొమ్మ నాటడం కష్టమే. పూత తర్వాత వచ్చిన కొత్త కొస, మరీ లేత కాదు, 8 నుంచి 10 సెంటీమీటర్లు. కింది ఆకులు తీసి, వేరు హార్మోను అద్ది పెర్లైట్‌లో గుచ్చి, అడుగు నుంచి 21 డిగ్రీల వేడి. మిస్ట్ (సన్నటి నీటి తుంపర) ఎక్కువైతే నూగు నీటిని పట్టుకుని ఆకు కుళ్లుతుంది. పదిలో మూడు పట్టుకుంటే సంతోషించాలి.

రాళ్లవాగు · పోస్టు 13

మొలక గారు చెప్పిన గింజకి ఒక కొసరు. డికంబెన్స్ గింజకి ఒక చివర చిన్న కండ ముద్ద అతికి ఉంటుంది. చీమలు గింజని దానికోసమే మోసుకుపోతాయి. ముద్ద తిని గింజని పుట్ట బయట చెత్తకుప్పలో పారేస్తాయి. చెట్టు కింద ఉండిపోయిన గింజల్ని ఎలుకలు తింటాయి, చీమల చెత్తకుప్పలో పడ్డవాటికి బతికే అవకాశం ఎక్కువ. అక్కడ ఏళ్ల తరబడి మంట కోసం ఎదురు చూస్తాయి.

అసలు గింజ దాకా వచ్చే పూలే తక్కువ. మొగ్గ దశలోనే చాలావాటిని పురుగులు తినేస్తాయి. కాబట్టి రాలిన నాలుగు గింజలు తెస్తే ఏం పోయిందనే లెక్క ఇక్కడ చెల్లదు. చట్టమూ ఒప్పుకోదు. ఫెడరల్ భూమి మీద జాబితాలోని మొక్కను పీకి తీసుకుపోవడం నేరం. దానిమీద ఇది రాష్ట్రం కూడా అరుదైనదిగా గుర్తించిన మొక్క.

పైన్ హిల్ సంగతి తెలియనివాళ్లకి: ఎల్డొరాడో కౌంటీ పడమటి భాగంలో కామెరాన్ పార్క్, రెస్క్యూ దగ్గర గాబ్రో అనే రాయి ఉంది. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ, దాని మీద ఎర్రమట్టి. ఆ మట్టి మీదే ఫెడరల్ జాబితాలో ఉన్న మొక్కలు అయిదు పెరుగుతాయి: ఈ ఫ్లానెల్‌బుష్, పైన్ హిల్ సియనోథస్, స్టెబిన్స్ మార్నింగ్ గ్లోరీ, ఎల్డొరాడో బెడ్‌స్ట్రా, లేన్ బటర్‌వీడ్. ఈ మొక్కల కోసం ఉన్న ప్రిజర్వ్ (రక్షిత ప్రాంతం) ఒకే ముక్క కాదు, ఇళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఎల్డొరాడో హిల్స్‌కి ఉత్తరాన శాల్మన్ ఫాల్స్ వైపు కూడా ఒక ముక్క ఉంది.

ఇక్కడే నర్సరీ మొక్కతో చిక్కు. ఈ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా కలుస్తాయి. 'కాలిఫోర్నియా గ్లోరీ' పుట్టుకే దానికి సాక్ష్యం. మీ పెరటి సంకరం పుప్పొడిని తేనెటీగ కంచె దాటించి డికంబెన్స్ పూవులో పెడితే తర్వాతి తరం గింజ డికంబెన్స్ కాదు. పీకడం, తవ్వడం కంటికి కనబడతాయి, ఇది కనబడదు. అందుకని కామెరాన్ పార్క్, రెస్క్యూ, షింగిల్ స్ప్రింగ్స్, శాల్మన్ ఫాల్స్ రోడ్డు వైపు ఇల్లున్నవాళ్లు ఫ్లానెల్‌బుష్ ఏ రకమూ నాటొద్దు. నర్సరీ సియనోథస్ కూడా వద్దు, అవి ఇంకా ఇష్టారాజ్యంగా కలుస్తాయి. పసుపే కావాలంటే సల్ఫర్ బక్‌వీట్, పచ్చని గుబురు కావాలంటే టోయాన్ పెట్టుకోండి.

మిద్దెతోట_వరంగల్ · పోస్టు 14

బాగుంది చర్చ. అక్కడి నుంచి ఎవరైనా వస్తూ పది గింజలు తెస్తే వరంగల్ ఎర్రనేలలో వస్తుందా? తంగేడు బతికే చోట ఇది ఎందుకు బతకదు?

గోగునార · పోస్టు 15

రెండూ ఎండకి ఓర్చేవే, రెండూ పసుపే. కానీ తంగేడుకి వాన జూన్‌లో వస్తుంది. నేల ఇంకా కాగుతున్నప్పుడే తడుస్తుంది, తంగేడు వేరు దానికి పుట్టినప్పటి నుంచీ అలవాటుపడింది. ఫ్లానెల్‌బుష్‌కి మీ మొదటి రుతుపవనమే ఆఖరిది. వరంగల్‌లో జులై, ఆగస్టు అంటే దానికి రెండు నెలలు ఆపకుండా స్ప్రింక్లర్ పెట్టినట్టు. కుండీలో పెట్టి వానలో తడవకుండా షెడ్డు కింద ఉంచినా, గాలిలో తేమకి నూగు ఆకు మచ్చలు పడుతుంది.

పైగా సూట్‌కేసులో గింజలు తేవడం కుదరదు. దిగుమతి పర్మిటు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగులు, పురుగు లేవనే ధ్రువపత్రం) లేకుండా విమానాశ్రయంలో ఆపేస్తారు, ఆపాలి కూడా. ఈ నూగు, ఈ పసుపు దగ్గర్నుంచి చూడాలని ఉంటే బంజరులో తుత్తురుబెండ దగ్గరికి వెళ్లండి. బెరడు సంగతి తెలుసుకోవాలంటే గోగు కట్ట నానబెట్టి నార తియ్యండి. కాలిఫోర్నియా మూలవాసులు ఫ్లానెల్‌బుష్ బెరడు నుంచి తీసిన నారతో తాళ్లు పేనేవారు. లోపలి బెరడు నానితే బెండకాయ జిగురే, దాన్ని పుండ్ల మీద పట్టు వేసేవారు.

గోడవార_రెడింగ్ · పోస్టు 16

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఇక్కడ 'కాలిఫోర్నియా గ్లోరీ' దొరుకుతుంది, వస్తుంది కూడా. దక్షిణం వైపు చూసే ఇటుక గోడకి ఆనించి, గోడకి తీగలు బిగించి వాటికి కట్టాలి. వాన ఎండాకాలంలోనూ పడుతుంది గానీ నేల అంత వేడెక్కదు కాబట్టి గట్టెక్కుతుంది. గోడ మొదట్లో నేల పొడిగా ఉండటం ఇంకో లాభం. చంపేది చలికాలపు తడి బంకమట్టి, తూర్పు గాలి. కట్టేటప్పుడు నూగు మొహం మీదే రాలుతుంది, నిచ్చెన మీద గాగుల్స్ తప్పనిసరి. పదేళ్లు బతికితే చాలనుకునే నాటుకోండి.

వాలు_ఇల్లు · పోస్టు 17

పక్కవీధిలో ఒకటి ఉంది, నాలుగేళ్లదట. పోయిన వారం దాకా బాగుంది. ఇప్పుడు ఆకులన్నీ ఒక్కసారి బూడిద రంగుకి తిరిగి వేలాడుతున్నాయి, రాలడం లేదు. మట్టి తడిగానే ఉంది. వాళ్లు దాహమనుకుని రోజూ గొట్టం పెడుతున్నారు. ఆపితే తేరుకుంటుందా?

ఎర్రమట్టి · పోస్టు 18

మట్టి తడిగా ఉండి ఆకు వేలాడుతోందంటే తాగే వేరు లేదని అర్థం. ఖాయం చేసుకోవాలంటే మొదలి దగ్గర మట్టి నాలుగు వేళ్లు పక్కకి తీసి, కాండం నేలలోకి దిగే చోట గోటితో బెరడు గీకమనండి. గీకినచోట పచ్చగానో మీగడ తెల్లగానో ఉంటే ఆశ ఉంది. చింతపండు రంగులో మెత్తగా ఉండి, ఆ రంగు నాలుక చాచినట్టు పైకి పాకితే అది కుళ్లే, తెలుపుకీ ఆ రంగుకీ మధ్య గీత స్పష్టంగా కనబడుతుంది. అది కాండం చుట్టూ సగం తిరిగితే అయిపోయినట్టే.

ఒక పక్కే ఉంటే నీళ్లు పూర్తిగా ఆపి, మొదలి చుట్టూ మట్టి తీసి పెద్ద వేళ్లు పైకి కనబడేలా గాలికి వదలమనండి. కొన్ని తేరుకుంటాయి. ఫాస్ఫోనేటు మందులు ముందు జాగ్రత్తకి పనికొస్తాయి తప్ప చచ్చిన వేరుని తేలేవు. ఎండిపోయాక పీకేసి అదే గుంటలో ఇంకో ఫ్లానెల్‌బుష్ పెట్టొద్దు, ఆ మట్టిలో తెగులు ఏళ్లకేళ్లు ఉంటుంది. ఆ గడ్డపార మీ ఇంటికి అరువు తెచ్చుకుంటే మట్టి కడిగి, ఆరబెట్టి, 70 శాతం ఆల్కహాలుతో తుడవకుండా మీ వాలు మీద పెట్టొద్దు.

కత్తెర · పోస్టు 19

నాటే ముందు మంట లెక్క కూడా చూసుకోండి. కార్చిచ్చు ప్రమాదం ఉందని గుర్తించిన ప్రాంతంలో ఇల్లుంటే చుట్టూ 100 అడుగులు డిఫెన్సిబుల్ స్పేస్ (మంట ఇంటికి పాకకుండా మొక్కలు పలచన చేసి ఉంచే జాగా). మొదటి 5 అడుగుల్లో ఏ పొదా పెట్టకపోవడమే మేలు. 30 అడుగుల లోపల ఉంటే విడివిడిగా, చెట్టు కొమ్మల కింద కాకుండా, ఎండు కొమ్మలు ఎప్పటికప్పుడు తీసేసి. వాలు మీద మంట పైకి వేగంగా పాకుతుంది కాబట్టి పొదల మధ్య ఖాళీ చదునులో కన్నా ఎక్కువ వదలాలి. ఈ మొక్క కాలినా మొదలి నుంచి చిగుర్చుకుంటుంది, ఇల్లు చిగుర్చుకోదు.

వాలు_ఇల్లు · పోస్టు 20

అందరికీ థాంక్సండీ. మధ్య వాలులో మోకాలు లోతు తవ్వి చూశాను. పైన దుమ్ము, కింద ముద్ద. కింది అంచున, లాన్‌కి 11 మీటర్ల దూరంలో పొడిగానే ఉంది, రెండోసారి నింపితే గంటకి 4 సెంటీమీటర్లు దిగింది. ఇల్లు ఫాల్సమ్‌లోనే, శాల్మన్ ఫాల్స్ వైపు కాదు. 15 గాలన్లది వదిలేశాను. నవంబరులో 1 గాలన్ 'కెన్ టేలర్' ఒకటే పెడదామనుకుంటున్నా, ఎత్తు తక్కువ కదా అని. దిబ్బ అవసరమా?

ఎర్రమట్టి · పోస్టు 21

4 సెంటీమీటర్లకి ఒక అడుగు ఎత్తు దిబ్బ చాలు. 'కెన్ టేలర్' ఎత్తు తక్కువే గానీ అడ్డంగా 3 మీటర్లకి పైగా పాకుతుంది, వాలు కింది అంచు నుంచి అంత జాగా లోపలికి పెట్టండి. వానాకాలం నీరు పైనుంచి దిబ్బకి కొట్టకుండా ఎగువన అర్ధచంద్రంలా చిన్న కాలవ తీసి పక్కకి మళ్లించండి.

గోగునార · పోస్టు 22

లాన్ టైమర్ కూడా వారానికి మూడు నుంచి రెండుకి తగ్గించండి. ఒక్కోసారి కొంచెం ఎక్కువసేపు వదలండి, గడ్డికీ అదే మంచిది. తగ్గించాక రెండు వారాలు ఆగి, మొక్క పెట్టబోయే చోటే ఇంకోసారి తవ్వి పిసికి చూడండి.